పాలపొడి డబ్బా మీద ఊరు

పులివెందులకు రైలు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. నమ్మేవాళ్లు తక్కువ గానీ, ఆ రైలును ప్రొద్దుటూరు నుంచి లగేజీ ఆటోలో వేసుకుని పోయింది కూడా నేనే. ఇంజను, పెట్టెలు, రెండు కొండలు, ఒక పెన్నా నది, మూడు స్టేషన్లు, స్టేషన్ లేని ఊరు ఒకటి. అన్నిటినీ పాత దుప్పట్లలో చుట్టి తాడుతో బిగించాను. ముద్దనూరు దగ్గర ఒక పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందప్పా ఇది?"

"రైలు సార్. పులివెందులకు పోతాంది."

ఆయన ముందు నా నోటి దగ్గర వాసన చూశాడు. తర్వాత దుప్పటి ఎత్తి చూశాడు. దుప్పటిని తనే మళ్లీ సర్ది, పొమ్మని చెయ్యి ఊపాడు.

జోకులు వేయడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న రోగం. రాయడానికి కూర్చున్నా అదే ముందుకు తోసుకొస్తుంది. ఈ సంగతిలో నవ్వాల్సింది కొంచెమే ఉంది. ఆ కొంచెం అయిపోయాక మిగిలింది చెబుతాను.

నాది ప్రొద్దుటూరులో మోటార్లకు వైండింగ్ చేసే అంగడి. కాలిపోయిన బోరు మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు వస్తాయి. పాత తీగ తీసి కొత్త రాగి తీగ చుట్టి పంపిస్తాను. క్రిస్మస్‌కు ఇంకా రెండు నెలలున్నాయనగా పులివెందుల నుంచి అక్క ఫోన్ చేసింది. అక్క అంటే జమ్మలమడుగులో నాకు చదువు చెప్పిన అయ్యవారి కూతురు. పులివెందులలో నర్సు.

"అబ్బీ, నాయనకు చూపు పూర్తిగా పోయింది" అంది.

కళ్లకు నీటికాసులని, అంటే గ్లాకోమా అని, ముందే తెలుసు. ఒక కన్ను పోయిందని విన్నాను. రెండోది కూడా పోయిందని అప్పుడే వినడం.

"ఇంగ ఏం చేసినా రాదన్యారు. రోజంతా మంచం మీద కూర్చోనుంటాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకుంటే అడగడు. అమ్మ పోయినప్పటి నుంచీ మాట తగ్గింది, ఇప్పుడదీ లేదు. నిన్న మాత్రం ఒకటడిగినాడు."

"ఏమడిగినాడక్కా?"

"రైలు. ఈ క్రిస్మస్‌కు రైలు మా ఊరి మీద ఒక్కసారి పోవాలంట. వాడు చేస్తాడేమో అడుగు అన్యాడు."

చూపు లేని మనిషికి రైలెందుకక్కా అనే మాట నాలుక కొస దాకా వచ్చింది. నా జన్మలో నేను మింగిన జోకులు చాలా తక్కువ. అది మింగాను. చేస్తానని చెప్పాను.

ఆ రైలు సంగతి కొంచెం చెప్పాలి. మా చిన్నతనానికి ముందు జమ్మలమడుగులో ఒక విదేశీ డాక్టరమ్మ ఉండేదట. అందరూ దొరసాని అనేవాళ్లు. ఆమెకు తెలుగు నేర్పింది మా అయ్యవారు. ఆమె తన దేశానికి తిరిగి పోతూ, తన పిల్లలు ఆడుకున్న కరెంటు రైలును ఆయన చేతిలో పెట్టిపోయింది. రేకుతో చేసిన నల్ల ఇంజను, ఎర్ర పెట్టెలు, రేకు పట్టాలు. పట్టాలను గుండ్రంగా బిగించి తిప్పుకుంటే ఆట అయిపోయేది. అయ్యవారు అంతటితో వదిలిపెట్టలేదు. రెండు పాత తలుపులు పక్కపక్కన వేసి, వాటి మీద మా కడప జిల్లానే కట్టాడు.

కొండలను ఆసుపత్రి పట్టీలతో కట్టాడు. కాళ్లూ చేతులూ విరిగినవాళ్లకు వేసే సున్నపు పట్టీలు, పాడైపోయినవి అడిగి తెచ్చి, తడిపి, గోనెగుడ్డ మీద చుట్టాడు. అందుకే మా గండికోట కొండ ఎప్పుడు చూసినా కాలు విరిగి పడుకున్నట్టుండేది. ఇళ్లన్నీ పగిలిన పలకల ముక్కలు. అచ్చం నాపరాళ్లు పరిచిన మా ఊళ్ల మిద్దెల్లాగే కనబడేవి. చెట్లు నేతిబీర పీచు. పెన్నలో నీళ్లు లేవు. నది పొడుగూతా ఇసుకే పోశాడు. చూడ్డానికి వచ్చిన ఒక ఆఫీసరు, నీలిరంగు వేస్తే బాగుండేది కదా మాస్టారూ అన్నాడట. "వేయొచ్చు సార్. పిల్లకాయలకు లెక్కలు, భూగోళం నేనే చెప్తా. రేపు వాళ్లు పెన్న కాడికి పోయి చూసొచ్చి నన్నడుగుతారు" అన్నాడట ఆయన.

స్టేషన్లు మూడు పెట్టాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. అప్పటికి ఈ మూడు ఊళ్లలో ఒక్కదానికి కూడా రైలు లేదు. తర్వాత ఎన్నో ఏళ్లకు ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ వచ్చింది. పులివెందుల ఇంకా బస్సు మీదే ఉంది. ఇసుకలో నీళ్లు చూపించడానికి ఒప్పుకోని మనిషి లేని స్టేషన్లు మాత్రం ఎందుకు పెట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ వయసులో ఆయనకు అవి వస్తాయని గట్టి నమ్మకం ఉండేదేమో.

నాలుగోది ఆయన సొంత ఊరు. కొండాపురం దగ్గర, మిట్ట మీద ఉండే చిన్న పల్లె. కొండ దిగిన పట్టాలు ఆ పల్లె నడిమధ్య నుంచే పోతాయి. ఇళ్లు, చిన్న చర్చి, బావి, రచ్చకట్ట అన్నీ ఉన్నాయి. స్టేషన్ మాత్రం లేదు.

క్రిస్మస్ సెలవులకు ముందు, బడిని ఆనుకుని ఉన్న తన ఇంటి వసారాలో ఆ తలుపులు పరిచి రైలు తిప్పేవాడు. బడిలో ఏ మతం పిల్లలైనా వరసలో నిలబడాల్సిందే. మాది మగ్గాల ఇల్లు. మా ఇంట్లో క్రిస్మస్ లేదు గానీ రైలు ఉండేది. వరసలో నా వంతు రాగానే నేను అడిగిన మొదటి ప్రశ్న నాకు బాగా జ్ఞాపకం.

"అయివారూ, మీ ఊరికి టేషన్ పెట్టలేదేంది?"

"మా ఊరోళ్లు యాడికీ పోరురా" అన్నాడు ఆయన. "ఎక్కేవాళ్లు లేనప్పుడు బండి ఎందుకు నిలపాల?"

అందరూ నవ్వారు. నేనే గట్టిగా నవ్వాను.

ఏడో తరగతి మధ్యలో మా నాయనకు జబ్బు చేసింది. నన్ను మగ్గం మీద కూర్చోబెట్టారు. అయ్యవారు మా ఇంటికి వచ్చి చాలాసేపు మా నాయనతో మాట్లాడి, ఏమీ సాధించలేక లేచిపోయాడు. మగ్గం కూడా నాకు కలిసి రాలేదు. మళ్లీ ఆయనే వచ్చి ప్రొద్దుటూరులో ఒక వైండింగ్ అంగడాయన దగ్గర నన్ను దిగబెట్టాడు. "వీడు దారం చుట్టే ఇంట్లో పుట్టినాడు, రాగి తీగ చుట్టలేడా" అని ఆయనకు నన్ను అప్పజెప్పాడు. నేను ఈరోజు తింటున్న అన్నం ఆ మాటలోంచి వచ్చింది. అందుకే అక్క అడిగితే ఇంకో ఆలోచన లేదు.

ఆయన రిటైరై రైలుతో సహా సొంత ఊరికి పోయాడు. తర్వాత రిజర్వాయరు నీళ్లు వచ్చాయి. మిట్ట మీది ఊరు కదా, మన దాకా రావని చాలామంది అనుకున్నారు. వచ్చాయి. ఊరు మొత్తం మునక ఊళ్లకు కట్టించిన కాలనీకి లేచింది. సామాన్లు ట్రాక్టర్లలో పోతుంటే ఆ తలుపులకు చోటు దొరకలేదు. జమ్మలమడుగులో చర్చి వెనక సామాన్ల గదిలో పెట్టించారు. అయ్యవారి భార్య కాలనీలోనే చనిపోయింది. ఆయనను అక్క పులివెందులకు తీసుకుపోయింది. రైలు ఆ గదిలోనే ఉండిపోయింది.

నేను పోయి గది తెరిపిస్తే, చర్చి కావలి తాత టార్చి వేసి చూపించాడు. ఒక తలుపు అంచు చెదలు తినేసింది. కొండ మీద పట్టీ ఊడి వేలాడుతోంది. ఒక పెట్టెలో ఎలుక పిల్లల్ని పెట్టి కాపురం చేసి పోయిన గుర్తులున్నాయి.

"నీకంటే ముందే ఎక్కినాయి నాయనా" అన్నాడు తాత.

"టిక్కెట్ తీసుకోనుంటాయా?"

"టిక్కెట్ కలెక్టర్ యాడుండాడు?"

నవ్వుతూనే ఇద్దరం తలుపులు మోసి ఆటో ఎక్కించాం. పల్లె ఉన్న వైపు ఎత్తేటప్పుడు అడుగు నుంచి తుప్పు పొడి బరబరా రాలింది. వంగి చూస్తే ఊరి కింద ఒక రేకు డబ్బా పండబెట్టి ఉంది. ఊరికి ఆ మిట్ట ఎత్తు ఇచ్చింది ఆ డబ్బానే. ఇప్పుడు దానికి అడుగే లేదు. తుప్పు తినేసి జల్లెడ చేసింది.

అంగట్లో పని మొదలుపెట్టాను. పగలంతా బోరు మోటార్లు, మధ్యమధ్య రైలు. ఇంజను విప్పితే లోపల నా బొటనవేలంత ఆర్మేచర్, తీగ చుట్టుకుని గిరగిరా తిరిగే ముక్క. దాని తీగ పీకి మళ్లీ చుట్టి వార్నిష్ పెట్టి ఎండబెట్టాను. దానికి కరెంటు అందించే కార్బన్లు సైజుకు రుద్ది వేశాను. పక్క బంగారం అంగడాయన రోజూ టీ తాగుతూ వచ్చి నిలబడేవాడు.

"ఏం మామా, ఈ వయసులో ఆటసామాన్లు పట్టుకోని కూర్చున్యావు?"

"నువ్వమ్మేది మాత్రం ఏందప్పా? పెద్దోళ్ల ఆటసామాన్లే గదా."

ఆయన నవ్వి, మరుసటి రోజు తన దగ్గరి సన్న పట్టకారు తెచ్చిచ్చాడు. చక్రాల్లో చిక్కిన వెంట్రుకలను దానితోనే తీశాను.

ఒకటి మాత్రం తేల్చుకోలేక అయ్యవారికి ఫోన్ చేశాను. అక్క ఆయన చెవి దగ్గర పెట్టింది.

"అయివారూ, అంతా పాత మాదిరే చేస్తాండా. మీ ఊరి కాడ... ఇప్పుడు నీళ్లుండాయి గదా. నీళ్లు వేయాల్నా?"

ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"పెన్నలో ఇసుక పొయ్యిరా" అన్నాడు. "అంతే చాలు."

ఇసుక పోశాను. పలకల ఇళ్లను ఒక్కొక్కటే కడిగి అతికించాను. కొండకు కొత్త పట్టీలు వేశాను.

మోటార్లు చేసేవాడికి శబ్దం అంటే రోగం. గరగరమంటే బేరింగు పోయినట్టు, గుయ్యిమంటే వైండింగ్ తప్పినట్టు. మోటారు తిరుగుతోందా లేదా అని గిరాకీకి వచ్చినాయన చెయ్యి పెట్టి చూసుకోవాలి, అప్పుడే అది మంచి రిపేరు. నాకు పని నేర్పిన ఆయన కూడా చెవితోనే నా పని చూసేవాడు. శబ్దం వస్తే నెత్తిన మొట్టేవాడు. ఆ పనితనమే ఈ రైలు మీద కూడా చూపించాను. రేకు పట్టాల అతుకులన్నిటికీ సోల్డరింగ్ పెట్టి ఆకురాయితో నున్నగా రుద్దాను. పట్టాల అడుగున సైకిల్ ట్యూబు కోసి పరిచాను. పెన్న బ్రిడ్జి రేకులు అదురుతుంటే మేకులు బిగించాను. ఊరి కింద తుప్పు డబ్బా పీకి పాత ఇనుము గోతంలో వేసి, దాని చోట మందపు ప్లైవుడ్ ముక్కలు పేర్చాను. చివరి రోజు రైలు వదిలితే బంగారం అంగడాయన కూడా ఆశ్చర్యపోయాడు. పాము పోయినట్టు పోతోంది. చప్పుడు లేదు. నా జన్మలో అంత మంచి పని చేయలేదనుకున్నాను. ఆ గోతాన్ని పాత సామాన్లాయన వచ్చి ఎత్తుకుపోయాడు.

పులివెందులలో అక్క ఇంటి ముందరి గదిలో మంచం జరిపి తలుపులు రెండూ పరిచాం. క్రిస్మస్‌కు ఇంకా వారం ఉంది. కిటికీకి కాగితం నక్షత్రం కట్టి ఉంది. అయ్యవారు గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను గుర్తుపట్టలేనంతగా చిక్కిపోయాడు. ఆయన మాత్రం నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"వచ్చినావా? ఏడో తరగతి పుస్తకాలు తెచ్చినావా?"

"మర్చిపోయినా అయివారూ. రేపు తెస్తా."

"నువ్వు నలభై ఏండ్ల నుంచీ రేపే తెస్తాండావు" అన్నాడు. వంట గదిలో నుంచి అక్క బయటికి వచ్చి నా వైపు చూసింది. నాయన నోటి నుంచి ఆ మాత్రం మాట విని ఎంత కాలమైందో ఆమె ముఖంలో తెలిసింది.

ఆయన వంగి వేళ్లతో తడమడం మొదలుపెట్టాడు. ప్రొద్దుటూరు స్టేషన్. ఇసుక. కొండ. ప్రతిదీ తాకి పేరు చెప్పాడు. ఊరి దగ్గర వేళ్లు నెమ్మదించాయి. ఇంటింటినీ తాకాడు, చర్చి మీది చిన్న సిలువను రెండు వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు ఉండిపోయాడు. తర్వాత వెనక్కి వాలి, చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఇంగ వదులు" అన్నాడు.

వదిలాను. ఇంజను కదిలింది. ప్రొద్దుటూరు దాటింది, పెన్న దాటింది, కొండలో దూరి బయటికి వచ్చింది, ఊరి మీదుగా పోయింది. నేను ఆయన ముఖం చూస్తున్నాను. ఆయన చెవి కొంచెం ముందుకు పెట్టి ఎదురుచూస్తున్నాడు. రెండో చుట్టు కూడా అయిపోయింది.

"వదిలినావా?" అన్నాడు.

"తిరుగుతాంది అయివారూ."

"తిరుగుతాందా?" అని ఇంకాసేపు విన్నాడు. "యాడుంది ఇప్పుడు?"

"జమ్మలమడుగు కాడ."

ఆయన తల ఊపాడు. చూపు ఉన్నవాడిలాగా తల అటు తిప్పాడు, కానీ తప్పు వైపు. "శానా బాగా చేసినావురా" అన్నాడు. తరగతిలో లెక్క తప్పు చేసిన పిల్లవాడిని కూడా ఆయన అలాగే మెత్తగా మెచ్చుకునేవాడు. తర్వాత, నడుము లాగుతోంది, కాసేపు పడుకుంటానని గోడ పట్టుకుని లేచిపోయాడు.

స్విచ్ ఆపి అలాగే కూర్చున్నాను. అక్క టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

"నీ తప్పు గాదు అబ్బీ. నేను చెప్పల్సింది" అంది. "అమ్మ ఎప్పుడూ రైలు చూడలేదు, తెలుసా? క్రిస్మస్ దినాల్లో వంటగదిలోనే ఉండేది. నాయన వసారాలో తిప్పుతాంటే చప్పుడు వినేది. బ్రిడ్జి మీద గలగలమంటే, పెన్న దాటిందని. కొండలో దూరితే గుమ్మంటాది. ఆపైన ఊరి మీద పోయేటప్పుడు డబడబడబమని వేరే చప్పుడొచ్చేది. అప్పుడు ఆడ నుంచే 'ఊరొచ్చింది' అని అరిచేది. నాయన ఈడ నుంచి 'దాటింది' అనేవాడు. అది వాళ్లిద్దరి మధ్య ఆట. నాయన ఆ చప్పుడు విందామని అడిగినాడు."

వసారాలో వరసలో నిలబడి ఆ డబడబలు నేనూ విన్నాను. లోపల నుంచి వచ్చే ఆ అరుపు కూడా విన్నాను. అన్నానికి పిలుస్తున్నారనుకునేవాణ్ణి.

ఆ సాయంత్రమే అతుకుల సోల్డరింగ్ కరిగించాను. సైకిల్ ట్యూబు పీకి పారేశాను. బ్రిడ్జి మేకులు వదులు చేశాను. నా చేత్తో నేనే మంచి పనిని చెడగొట్టడం అదే మొదటిసారి. మరుసటి పొద్దున మళ్లీ ఆయనను కూర్చోబెట్టి వదిలాను. టకటకమంటూ కదిలింది. ఆయన వెన్ను నిటారుగా అయింది.

"పెన్న" అన్నాడు. బ్రిడ్జి గలగలమంటోంది. "కొండ" అన్నాడు. చేయి ఎత్తి, రాబోయేదాని కోసం గాలిలోనే ఆపి ఉంచాడు. రైలు ఊరి మీదికి వచ్చింది. ప్లైవుడ్ మీద టకటకమని పోయింది. చేయి అలాగే ఉంది.

"ఊరు రాలేదేందిరా?"

అప్పుడు నాకు డబ్బా జ్ఞాపకం వచ్చింది. ఆ జల్లెడ డబ్బా పాత సామాన్లాయన గోతంలో పోయి, ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"పాలపొడి డబ్బారా అది. ఒకప్పుడు బడి పిల్లకాయలకు తాపేదానికి పాలపొడి వస్తాండె. ఖాళీ డబ్బాలు మా ఊర్లో ఇండ్లకు పంచుతాంటి. ఒకటి నేను పెట్టుకుంటి."

పులివెందుల బజారంతా తిరిగాను. నూనె డబ్బా, బిస్కెట్ డబ్బా, పెయింటు డబ్బా తెచ్చాను. ఒక్కొక్కటే ఊరి కింద దూర్చి రైలు వదిలాను. ఆయన ఓపికగా విన్నాడు. నూనె డబ్బాకు, "ఇది మా ఊరు గాదు. పొరుగూరు" అన్నాడు. బిస్కెట్ డబ్బాకు, "ఇదేదో పట్నం మాదిరుంది" అన్నాడు. పెయింటు డబ్బాకు తల ఊరికే ఊపాడు. ఇక ఏది తెచ్చినా, సరే ఇదే అనేస్తాడని నాకు భయం వేసింది. నా కోసం ఆ మాట అనేస్తాడు. ఆయన చేత అలా అనిపించకూడదు అనుకుని, ఆయన పంచిన డబ్బాల్లో ఒక్కటన్నా మిగిలి ఉంటుందేమోనని, చెప్పకుండా బండి ఎక్కి కాలనీకి పోయాను.

కొండాపురం దగ్గర కాలనీ. ఒకే మాదిరి ఇళ్లు, ఒకే మాదిరి వీధులు. ఏ ఊరివాళ్లు ఏ వీధిలో ఉన్నారో అడిగితే గానీ తెలియదు. అడుగుతూ పోతే ఒక అవ్వ ఇంటి ముందర కూర్చుని కొర్రలు చెరుగుతోంది. వందనాలు చెప్పాను. సంగతంతా చెప్పాను. ఆమె చేట కింద పెట్టింది.

"అయివారికి కండ్లు పోయినాయా?"

"పోయినాయవ్వా."

"రైలు మన ఊరి మీద పోయే సద్దు వినాలన్యాడా?"

"అవునవ్వా."

ఆమె లోపలికి పోయి చాలాసేపటికి వచ్చింది. చేతుల్లో చదరపు రేకు డబ్బా. మీద అక్షరాలు అరిగిపోయాయి. ఒక పక్క సొట్ట. అందులోని కొర్రలను అప్పుడే కింద గుడ్డ మీద పోసి వచ్చిందని అడుగున అంటిన గింజలు చెబుతున్నాయి.

"ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నా కొడుకు, ఈ తుప్పు డబ్బా ఎందుకే అన్యాడు. నేను ఒళ్లో పెట్టుకోని ట్రాక్టరెక్కినా" అంది. "తీస్కపో నాయనా. మళ్లా తేవద్దు. ఊరి కిందే ఉండనీ."

దాన్ని బండి ముందర పెట్టుకుని పోతుంటే దారిలో ఒకచోట రిజర్వాయరు నీళ్లు కనిపించాయి. ఎండకు తళతళమంటున్నాయి. నేను పెన్నలో ఇసుక పోసి వచ్చిన మనిషిని. బండి ఆపలేదు.

క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం, అయ్యవారు తెల్ల చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. అక్క వంటగదిలో ఉంది. డబ్బాను సొట్ట పక్క కిందికి వచ్చేలా పండబెట్టి, దాని మీద ఊరు సర్ది, పట్టాలు బిగించాను. ఏమీ చెప్పకుండా వదిలాను.

పెన్న గలగలమంది. కొండ గుమ్మంది. తర్వాత డబడబడబమంటూ రైలు ఊరి మీద పోయింది.

ఆయన చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. రెండో చుట్టు వచ్చింది. డబడబలు మొదలవుతూనే వంటగదిలో నుంచి అక్క గొంతు వినిపించింది. "ఊరొచ్చింది!" అని. ఆమె అలా అంటుందని నాకు తెలియదు. ఆమెకు కూడా తెలియదనుకుంటాను.

ఆయన "దాటింది" అనడానికి నోరు తెరిచాడు. అనలేదు.

"సద్దు కొంచెం లావుగా ఉందిరా" అన్నాడు నెమ్మదిగా. "నా డబ్బా ఇంత లావుగా పలకదు."

"కాలనీ నుంచి తెచ్చినా అయివారూ. మీరిచ్చిందేనంట. కొర్రలు పోసుకునే అవ్వ ఇచ్చింది. మీ ఊరిదే."

ఆయన అవునన్నట్టు తల ఊపాడు. రైలు ఇంకో చుట్టు తిరిగింది. ఇంకోటి తిరిగింది. కొండలో దూరి బయటికి వస్తుండగా ఆయన చేయి పైకి లేచింది.

"ఈసారి ఆడ నిలుపు."

"యాడ?"

"ఊర్లో."

స్టేషన్ లేదు కదా అని నేను అనలేదు. రైలు ఊరి మధ్యకు రాగానే స్విచ్ తిప్పాను. చర్చి ముందర ఆగింది. అక్క తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. చేతికి పిండి ఉంది.

ఆయన చప్పుడు లేకుండా పెదవులు కదిలిస్తున్నాడు. మొదట ప్రార్థన అనుకున్నాను. వేళ్లు ఒళ్లో ఒక్కొక్కటే ముడుస్తుంటే అర్థమైంది. ఒక్కో ఇంటిని పిలుస్తున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరకు. కొన్ని ఇళ్ల దగ్గర చాలాసేపు ఆగాడు. ఎక్కేవాళ్లందరూ ఎక్కేదాకా ఆగినట్టు ఆగాడు. నా నోట్లో ఒక్క జోకు కూడా లేదు.

చివరికి వేళ్లు విప్పి తొడ మీద రెండు సార్లు తట్టాడు.

"రైట్ రైట్" అన్నాడు.

అది బస్సు కండక్టరు చెప్పే మాట. రైలుకు ఎవరూ అలా చెప్పరు. నేను సరిచేయలేదు. స్విచ్ తిప్పాను.